నీళ్లు లేచినయా బావా

పోయిన నెల ఒక పొద్దున బడికి బయల్దేరుతుంటే రాయికల్ దిక్కు నుంచి ఫోన్ వచ్చింది. పాత బడిలో నాతో పనిచేసిన అటెండర్. కుశల ప్రశ్నలేమీ లేకుండా, "సారు, కొర్రమట్టల కాక పోయిండు" అన్నాడు. నేను వేసుకున్న చెప్పులు విప్పి గడప మీద కూర్చున్నాను. ఎప్పుడు, ఎట్లా అని అడగాల్సింది పోయి నా నోటి వెంట వేరే మాట వచ్చింది. "నీళ్లు లేచినయా?" అని అడిగాను. "మొన్ననే లేచినయ్ సారు. గాయనే చూసి చెప్పిండు" అన్నాడు అటెండర్.

ఈ మాట తెలియాలంటే ఆ ఊరి చెరువు సంగతి చెప్పాలి. చెరువు గడ్డకట్టేంత చలి మాకు లేదు. కానీ పుష్యమాసంలో తెల్లవారి ఆ నీళ్లలో కాలు పెడితే పిక్కలు పట్టేస్తాయి. ఆ చలికి కొర్రమట్ట, అంటే కొరమీను, అడుగున బురదలోకి పోయి పడుకుంటుంది. ముక్కు ముందు ఎర పెట్టినా నోరు తెరవదు. శివరాత్రి దగ్గరపడి ఎండలో కాస్త సత్తువ వచ్చాక, ఏదో ఒక పొద్దున పై నీరు వెచ్చబడుతుంది. కొర్రమట్ట గాలి కోసం పైకి వచ్చి గుప్పుమని చప్పుడు చేసి మళ్లీ మునుగుతుంది. దాన్నే ఆ ఊళ్లో నీళ్లు లేవడం అంటారు. ఆ సంగతి చెప్పే హక్కు ఊరంతటికీ కలిపి ఒక్క కొర్రమట్టల కాకకే ఉండేది. లుంగీ ఎగగట్టి, మోకాలి లోతు నీళ్లలో కళ్లు మూసుకుని నిలబడి, గట్టెక్కి "ఇంక పండుకునే ఉన్నయ్" అనేవాడు. గాలాలు పట్టుకుని వచ్చిన వాళ్లంతా ఎదురు మాట్లాడకుండా ఇళ్లకు పోయేవాళ్లు.

నాకు చేపల వేట మీద ఎప్పుడూ గౌరవం లేదు. పని లేనివాడు నీళ్ల ముందు కూర్చుని పనికి పోయేవాళ్లను చూసి నవ్వుకునే విద్య అని నా అభిప్రాయం. పైగా నాకు ఓపిక తక్కువ. టీ చల్లారే దాకా కూడా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. జగిత్యాల నుంచి ఆ ఊరి బడికి పోయే దారి చెరువు కట్ట మీదుగానే. కొత్తగా చేరిన రోజుల్లో ఒక పొద్దున బండి ఆపి, మర్యాద కోసం "ఏం కాకా, పడ్డయా?" అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు. గాలం పైకి లాగి, తంగూసు దారం కర్రకు చుట్టుకుని లేచాడు. "సారు అడిగిండు. ఇగ ఇయ్యాల్టికి ఐపోయింది" అని పక్కవాడితో చెప్పి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు బండి ఆపలేదు. ఆ మర్నాడు ఆయనే చెయ్యెత్తి ఆపి, పడ్డయా అని అడగకూడదనీ, అడగాలనిపిస్తే నీళ్లెట్ల ఉన్నయ్ అని అడగాలనీ నాకు పాఠం చెప్పాడు.

పొట్టి మనిషి. కువైట్‌లో ఇటుకలూ సిమెంటూ మోసి మోసి నడుము పాడుచేసుకుని వచ్చాడు. అందుకే వంగి కూర్చోలేడు. గాలం పట్టుకున్నప్పుడు కూడా, ఎవరో ఫొటో తీస్తున్నట్టు నిటారుగా కూర్చునేవాడు. పొయ్యి పొగకు నల్లబడిన వెదురు కర్ర, దానికి తంగూసు, దానికి నెమలి ఈకతో చేసిన, నీళ్ల మీద తేలే బెండు. ఎరకు పొలం కాలువలో పట్టిన చిన్న కప్ప. బతికున్న కప్ప ఈదితేనే కొర్రమట్ట లేస్తుందట. కప్పను గాలానికి గుచ్చేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేవాడు. అంత జాలి ఉంటే మానెయ్యరాదా అని ఒకసారి నేనంటే, జాలి ఉందని ఎవరు చెప్పారు, కప్ప ఉచ్చ కంట్లో పడితే మంట అన్నాడు. ఒక్క చేప పడగానే సర్దుకుని లేచేవాడు. ఇంకాసేపు కూర్చోమని పక్కవాళ్లు బతిమాలినా వినడు. రెండోది పడితే అమ్మబుద్ధి అవుతుందని ఆయన వాదం.

తూము కింద కొంచెం పొలం ఉండేది. యాసంగిలో మక్క వేసేవాడు. కంకులు పాలుపోసుకునే వేళకు చేను మీద ఈ చివర నుంచి ఆ చివరకు మెరిసే రిబ్బన్లు కట్టేవాడు. గాలికి అవి తళుక్కుమంటే పిట్టలు చేను దరిదాపుల్లోకి వచ్చేవి కావు. ఆ పనిలో ఆయనది అందెవేసిన చెయ్యి అని చుట్టుపక్కల రైతులు వచ్చి చూసిపోయేవాళ్లు. ఆ రిబ్బన్ల మాట తర్వాత మళ్లీ వస్తుంది కాబట్టి చెబుతున్నాను.

ఆయనకు పిల్లలు లేరు. భార్యను నేను చిన్నమ్మా అనేవాణ్ని. ఆమె పెళ్లై వచ్చేటప్పుడే తల్లీ తండ్రీ లేని తన తమ్ముణ్ని చంకనేసుకుని వచ్చిందట. ఆ పిల్లవాడు ఈ చెరువు గట్టు మీదే పెరిగాడు. బావ వెనక కూర్చుని బెండు చూడడం నేర్చుకున్నాడు. పెద్దవాడయ్యాడు, ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నాడు, పెళ్లయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. కువైట్‌కు పోతానంటే తెలిసినవాళ్లతో వీసా మాట్లాడి పంపింది కూడా బావే. నేను ఆ ఊరికి వచ్చేసరికే అతను అక్కడ ఉన్నాడు. నేను అతన్ని చూసిందంతా ఫోన్లోనే.

ఆ ఫోన్ కథ ఆ ఊళ్లో అందరికీ నవ్వులాట. శుక్రవారం కువైట్‌లో సెలవు. శుక్రవారం పొద్దున కాక గట్టు మీద ఒక పంగల కర్ర నాటేవాడు. ఆ పంగలో ఫోన్ నిలబెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేవాడు. ఫోన్ ముఖం చెరువు వైపు. వీడియో కాల్‌లో బామ్మర్ది క్యాంపు గదిలో పై మంచం మీద బోర్లా పడుకుని, గడ్డం కింద చేతులు పెట్టుకుని, ఇక్కడి బెండును చూస్తూ ఉండేవాడు. చలికాలం సగంలో ఉండగానే మొదలుపెట్టేవాడు, కాల్ కలవగానే ఒకటే ప్రశ్న. "నీళ్లు లేచినయా బావా?" లేవలేదని ఈయన చెప్పేవాడు. అయినా ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఎర లేకుండా కూడా గాలం వేసి చూపించేవాడు ఈయన.

విచిత్రమేమిటంటే ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. పిల్ల ఎట్లా ఉంది, వానలు పడ్డాయా, ఇట్లాంటివేమీ లేవు. బెండు కదిలితే మాత్రం ఫోన్లోంచి "బావా, బెండు" అని ఒక గొంతు. ఈయన విసుక్కుని, అరిస్తే చేప పోతుందని వేలు చూపించి బెదిరించడం. నాకు ఆ మౌనం చూస్తే చిరాకు. అంత దూరం నుంచి ఫోన్ కలిపి నోరు విప్పకపోవడం ఏమిటి, ఏదన్నా మాట్లాడొచ్చు కదా అని ఒకరోజు ఆయన్ను అడిగేశాను. ఫోన్ పెట్టేశాక, ట్యూబు ముక్క విప్పుతూ నెమ్మదిగా చెప్పాడు.

"మాట్లాడితె ఇంటి ముచ్చట్లు అస్తయ్ సారు. ఇంటి ముచ్చట్లు అస్తె వాడు ఏడుస్తడు. బెండు చూసినంత సేపు ఏడ్వడు."

ఆ తర్వాత శుక్రవారాల్లో నేను ఆ కట్ట మీద బండి ఆపేవాణ్ని కాదు. చప్పుడు చెయ్యకుండా న్యూట్రల్‌లో పోనిచ్చేవాణ్ని.

ఒక చలికాలంలో ఆ బామ్మర్ది నిద్రలోనే పోయాడు. పొద్దున డ్యూటీకి లేపబోతే లేవలేదని పక్క మంచం అతను ఫోన్ చేసి చెప్పాడు. మా దిక్కు ఇట్లాంటి ఫోన్లు రాని ఊరు లేదు. ఏమేం జరుగుతుందో అందరికీ తెలుసు. కాగితాలు అవుతాయి, అవుతాయి అంటారు. ఆ ఎదురుచూసే రోజుల్లో ఇంట్లో ఏడ్చేవాళ్లు ఏడ్చి ఏడ్చి ఆగిపోతారు, శవం వచ్చాక ఏడవడానికి ఓపిక ఉండదు. ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి అంబులెన్స్‌లో పెట్టె వచ్చింది. దాంతోపాటు ఒక సంచి. సంచిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, కూతురి కోసం కొన్న గోళ్లరంగు సీసాలు, రోడ్డు పనిలో వేసుకునే నారింజరంగు కోటు. ముందూ వెనకా భుజాల మీదా మెరిసే పట్టీలున్న కోటు. కాక ఏడవలేదు. దహనం అయ్యాక ఇంటికి కూడా పోకుండా గాలం తీసుకుని చెరువుకు పోయాడు. జనం నోళ్లు నొక్కుకున్నారు.

ఆయన పోయింది ఎందుకో చిన్నమ్మకు తెలుసు. మా దిక్కు చావు జరిగిన ఇంట్లో పదకొండో రోజున పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, ఊరి బయట ఉంచి దూరంగా కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయినవాడు తృప్తిగా వెళ్లిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలి ఇక్కడే తిరుగుతున్నట్టు. ఇతనికి ఇష్టమైంది ఒక్కటే, బావ పట్టిన కొర్రమట్ట. వేరేవాళ్లు పట్టింది ముట్టేవాడు కాదట. కానీ అది పుష్యమాసం. నీళ్లు లేవలేదు. పొద్దుటి నుంచి చీకటి పడే దాకా, ఆ పాడైన నడుముతో, నడుం లోతు నీళ్లలో నిలబడి ఎర వేసేవాడు. ఎవరి మాటా వినలేదు. ఒక్క చేపా పడలేదు.

పదకొండో రోజున చుట్టాలు కోరుట్ల మార్కెట్ నుంచి తొట్టిలో బతికున్న కొర్రమట్టను తెచ్చి వండారు. నేనూ అక్కడే ఉన్నాను. విస్తరిలో అన్నం, మాంసం, చేప, ఒక కల్లు సీసా. తాటిచెట్టు మీద కాకులు ఉన్నాయి, దిగలేదు. ఒక్కొక్కరు లేచి మాట ఇస్తున్నారు. నీ పిల్లను చదివిస్తాం, నీ భార్యకు ఏ లోటూ రానివ్వం, పోయి రా అని. కాకులు దిగలేదు. ఇక నువ్వు చెప్పు అని పెద్దమనుషులు కాకను ముందుకు తోశారు. ఆయన విస్తరి ముందు నిలబడి, ఇది నేను పట్టింది కాదురా అని మాత్రం చెప్పి వెనక్కి వచ్చాడు. పొద్దు వాలాక ఆ అన్నం చెరువులో కలిపారు. అప్పుడు చిన్నమ్మ అందరి ముందూ భర్తతో ఒక మాట అంది.

"నా తమ్ముడు ఆకలితోని తిరుగుతుండు. నీ చేతి చాప తినకుంట వాడు ఎటు పోతడు?"

ఆయన తల వంచుకుని, పిట్ట ముట్టేదాకా తానూ చేప ముట్టనని చెప్పాడు. రోజూ చేపలు పట్టుకునే మనిషి, ఆ మాట మీదే ఉండిపోయాడు.

శివరాత్రి దాటింది. నీళ్లు లేచాయి. మొదటి శుక్రవారం నేను కట్ట మీదుగా వస్తుంటే పంగల కర్ర నాటి ఉంది. ఫోన్ ట్యూబుతో కట్టి ఉంది, ముఖం చెరువు వైపు. తెర నల్లగా ఉంది. కాక ఒంటి మీద బామ్మర్ది నారింజ కోటు. ఆ రోజు చేప పడింది. ఇంటికి పంపితే చిన్నమ్మ ఉప్పు చూడకుండా వండి పంపింది, పెట్టే వంట రుచి చూడకూడదు కాబట్టి. మధ్యాహ్నం విస్తరి వేసి గట్టు మీద రాయిపై పెట్టి, కాస్త దూరంలో సర్కారు తుమ్మ నీడలో ఆయన కూర్చున్నాడు. కాకి రాలేదు. తర్వాతి శుక్రవారమూ రాలేదు. వానలు పడే దాకా అట్లాగే సాగింది, మరుసటి ఏడు మళ్లీ మొదలైంది. బామ్మర్ది భార్య పిల్లను తీసుకుని కోరుట్లలో తల్లిగారింటికి వెళ్లిపోయింది, అక్కడ బీడీలు చుట్టుకుంటోందని విన్నాను. వెళ్లేటప్పుడు, ఆయనింక ఇక్కడే తిరుగుతుంటే నాకు రాత్రుళ్లు నిద్ర రాదు అందట. చిన్నమ్మ చిక్కి సగమైంది. శుక్రవారం వస్తే ఆ ఇంట్లో వండడం, ఎదురుచూడడం, గిన్నె కడిగి బోర్లించడం.

రెండో ఏడు ఒక శుక్రవారం భోజనం గంటలో నేను కట్ట మీదికి వెళ్లాను. ఏదో ఒకటి చెప్పి ఈ పిచ్చి మాన్పించాలని నా ఆలోచన. తుమ్మ చెట్టు కింద ఆయన వెనక చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాను. అప్పుడే తాటిచెట్టు మీంచి ఒక కాకి దిగింది. గంతులేస్తూ రాయి దగ్గరికి వచ్చింది. మెడ చాచింది. ఓపిక లేని నేను కూడా ఊపిరి బిగబట్టాను. ఇంకో గంతు వేస్తే ముడుతుంది. అప్పుడు కాక కూర్చున్న చోటే మెల్లగా జరిగి నీడలోంచి ఎండలోకి భుజం తిప్పాడు. కోటు పట్టీలు భగ్గుమన్నాయి. కాకి ఎగిరిపోయింది.

నాకు మక్కచేను మీది రిబ్బన్లు గుర్తొచ్చాయి. పాపం, దుఃఖంలో చూసుకోలేదు అనుకున్నాను.

"కాకా, గా కోటు ఇడువు. దాన్ని చూసే పిట్ట బెదురుతుంది" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. "ఎరుకే సారు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఎరుకైతే మరి ఎందుకు వేసుకుంటున్నావని అడిగాను. పంగల కర్రలో ఫోన్ అట్లాగే ఉంది.

"ముడితె పోతడు గద సారు" అన్నాడు. "వీసా మాట్లాడింది నేను. గాడికి తోలింది నేను. మల్ల నేనే తోలాల్నా?"

నాకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. ఇంట్లో ఒక ఆడమనిషి తమ్ముడు ఆకలితో తిరుగుతున్నాడని కుమిలిపోతుంటే, ఈయన ఇక్కడ కూర్చుని కాకులను తోలుతున్నాడు. చిన్నమ్మ సంగతి ఆలోచించవా అని గట్టిగానే అడిగాను. అది కూడా ఎరుకేనని, కొన్ని దినాలు కూర్చోనివ్వమని ఆయన అడిగాడు. ఆ అడగడంలో వేడుకోలు లేదు. బెండు చూస్తున్నప్పుడు పక్కవాడిని కాస్త జరగమన్నట్టు అడిగాడు. నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. బడి గంట కొట్టే దాకా ఆయన పక్కనే కూర్చున్నాను. ఇద్దరమూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత నాకు ముస్తాబాద్ దిక్కు బదిలీ అయింది, సిరిసిల్లలో ఇల్లు తీసుకున్నాను. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఈసారి నీళ్లు లేచాయని చెప్పిన మర్నాడే ఆయన చేను దగ్గర పడిపోయాడట. జగిత్యాల దవాఖానకు తీసుకుపోయేలోపే ప్రాణం పోయింది. అది శుక్రవారం కాదు. ఈ ఏడు గాలం వెయ్యనే లేదు.

పదకొండో రోజున వెళ్లాను. ఊళ్లో గాలాలు వేసే వాళ్లంతా ముందురోజు నుంచే చెరువు చుట్టూ కూర్చుని ఆయన కోసం కొర్రమట్టలు పట్టి తెచ్చారు. పడ్డయా అని ఒక్కరూ ఎవరినీ అడగలేదట. చిన్నమ్మే వండింది. గట్టు మీద, అదే రాయిపై ఆమె రెండు విస్తళ్లు వేసింది. ఒకరు పోతే రెండెందుకని పెద్దమనుషులు అభ్యంతరం చెప్పారు. ఆమె వినిపించుకోకుండా రెండింట్లోనూ చేప వడ్డించింది. పంగల కర్ర అక్కడే నాటి ఉంది, సైకిల్ ట్యూబు ముక్క దానికి వేలాడుతోంది.

ఆమె చేతిలో ఆ నారింజ కోటు ఉంది. ఆయనకు ఇష్టమైంది కదా, విస్తరి పక్కన పెట్టమని ఎవరో అన్నారు. ఆమె పెట్టలేదు. తుమ్మ నీడలోకి వచ్చి, కోటును లోపలి వైపు బయటికి వచ్చేట్టు తిప్పి, పట్టీలు ఒక్కటి కూడా కనపడకుండా మడిచి, కింద వేసి, దాని మీద కూర్చుంది. చీర కుచ్చెళ్లు చుట్టూ సర్దుకుంది. నేను పక్కనే ఉన్నాను. "నీకు ఎరుకేనా చిన్నమ్మా?" అని మెల్లగా అడిగాను.

"ఉతికేది నేనే గద సారు" అంది. "కోటు మాసినా ఏమనకపోతుండె. పట్టీలు మాత్రం మెరవాలె అంటుండె. సబ్బువెట్టి తోమిచ్చుకుంటుండె నాతోటి. గప్పుడే ఎరుకైంది."

మరి అన్నేళ్లు తోముతూ ఎందుకు ఊరుకున్నావని అడగబోయి ఆగాను. అడగకుండానే చెప్పింది. "నా తమ్ముడు ఇంకిన్ని దినాలు మా తానే ఉంటడు గద అనుకున్న. గా ఆశ గాయనొక్కనికే ఉంటదా?"

కాకి దిగింది. గంతులేస్తూ వచ్చి ముందు తమ్ముడి విస్తరి ముట్టింది. తలెత్తి అటూ ఇటూ చూసి రెండో విస్తరిలోంచి చేప ముక్క తీసుకుంది. వెనక జనంలో ముట్టింది, ముట్టింది అని ఊపిరి వదిలారు. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. చిన్నమ్మ ఏడవలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, "పోండ్రి, ఇగ ఇద్దరు పోండ్రి" అంది, పక్కనున్న నాకు మాత్రమే వినపడేట్టు.

అందరూ చెరువులో స్నానాలు చేసి ఇళ్లకు బయల్దేరారు. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. ఆమె మాత్రం ఆ కోటు మీంచి లేవలేదు.